శ్రీకాకుళం నుంచి మొదటిసారి కామిక్ కాన్‌కి: మా అమ్మాయి తప్పెటతో లోపలికి రానిస్తారా?

కుట్టుమిషన్ అడిగారు:

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర చిన్న టైలరింగ్ షాపు నడుపుతున్నాను. కామిక్స్ గురించి నాకు తెలిసిన కాస్తా మా అమ్మాయి వల్ల తెలిసిందే. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

పిల్ల ఇప్పుడు ఇంటర్ రెండో ఏడు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఐదో తరగతి. అప్పుడు పలాస పక్కన మా పుట్టింట్లో ఉన్నాం. తెల్లారి చూస్తే తోటలో ఒక్క జీడిచెట్టు నిలబడి లేదు. మా నాన్న ఏడవడం పిల్ల మొదటిసారి చూసింది. ఇంటికొచ్చాక లెక్కల నోట్సు వెనకపేజీలో ఆ పడిపోయిన చెట్లు గీసింది. వాటి మధ్యలో గుండెలకి తప్పెట కట్టుకున్న ఒక ఆడపిల్లని గీసింది. ఆ పిల్ల పేరు గంగ. తుపాను వస్తోందని గంగకి ముందే తెలుస్తుంది. ఊరూరా తిరిగి తప్పెట కొట్టి జనాన్ని లేపుతుంది. మా ఊరి జాతరలో తప్పెటగుళ్ళు (గుండెలకి తప్పెట కట్టుకుని వాయిస్తూ ఆడే ఆట) చూస్తూ పెరిగింది కదా, అందుకే అలా తోచిందనుకుంటాను. ఇప్పటికి గంగ కథతో పదకొండు నోటు పుస్తకాలు నిండాయి.

కామిక్స్ ఇష్టపడేవాళ్లు తమకి నచ్చిన పాత్రల వేషాలు కట్టుకుని వచ్చే మేళా ఉంది కదా, ఈసారి హైదరాబాద్‌లో జరిగే ఆ కామిక్ కాన్‌కి గంగ వేషంలో వెళ్తానంటోంది. ఎప్పుడూ ఏదీ కావాలని అడగని పిల్ల. మా ఆయన కూడా సరే అన్నారు కానీ షాపు వదిలి ఆయన రాలేరు, నేనే తీసుకెళ్లాలి. మేం హైదరాబాద్ వెళ్లింది ఒక్కసారే, అది కూడా ఆయన ఆపరేషన్ కోసం. అప్పుడు ఆస్పత్రి, పక్కనున్న మెస్సు తప్ప ఇంకేం చూడలేదు.

బట్టలు నేనే కుడతాను, దాని గురించి నాకు దిగుల్లేదు. టెన్షన్ అంతా తప్పెట గురించే. మాకు తెలిసిన బృందంవాళ్లు ఒక పాత తప్పెట ఇస్తామన్నారు. అది రేకుది. గేటు దగ్గర ఆపేస్తారని పిల్ల స్నేహితులు అంటున్నారు, నిజమేనా? ఏ బండికి వెళ్తే మంచిది? ఎన్ని రోజులు ఉండాలి? మా దగ్గర పన్నెండు వేలు ఉన్నాయి, ఇద్దరికీ సరిపోతాయా?

వీటన్నిటికంటే ముఖ్యంగా అడగాలనుకున్నది ఇంకొకటి ఉంది. అంత జనంలో మా పిల్ల పుస్తకాన్ని ఎవరైనా ఒక్కరు, బొమ్మలేసే పనిలో ఉన్నవాళ్లు, కూర్చుని తిరగేసి చూస్తారా? తను పైకి అడగడం లేదు కానీ వెళ్దామంటున్నది దానికోసమే అని నాకు తెలుసు.

*

కోట_జంక్షన్ (విజయనగరం):

అప్పా, నేను రెండుసార్లు వెళ్లాను. ముందు తప్పెట సంగతి చెప్తాను. రేకుది వద్దు. లోపలికి వెళ్లేచోట ప్రాప్స్, అంటే వేషంతో పాటు తెచ్చుకునే వస్తువులు, అన్నీ చూస్తారు. పదునుగా ఉన్నవి, గట్టి లోహంతో చేసినవి, అసలు ఆయుధంలా కనిపించేవి పక్కన పెట్టేయమంటారు. అక్కడిదాకా వెళ్లి తప్పెట గేటు దగ్గర వదిలేసి లోపలికి వెళ్లాలంటే పిల్ల ప్రాణం ఉసూరుమంటుంది. ఫోమ్ షీటుతో చేయండి. క్రాఫ్ట్ సామాన్లు అమ్మే షాపుల్లో 10 మిల్లీమీటర్ల మందంది దొరుకుతుంది. వేడి తగిలితే మెత్తబడుతుంది, ఆ వేడిలో ఎలా వంచితే చల్లారాక అలాగే నిలుస్తుంది. వెండిరంగు వేసే ముందు ఫెవికాల్‌లో కొంచెం నీళ్లు కలిపి రెండు మూడు పూతలు వేసి ఆరనివ్వండి. లేకపోతే రంగంతా ఫోమ్ పీల్చేసుకుని మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది.

ప్రయాణం మాత్రం ట్రైనులోనే పెట్టుకోండి. మొదటిసారి నేను ప్రైవేటు బస్సులో వెళ్లాను. అట్టతో, ఫోమ్‌తో చేసిన రెక్కలు డిక్కీలో పెట్టించారు. పొద్దున్న తీసి చూస్తే వాటి మీద ఎవరివో బియ్యం మూటలున్నాయి. నెలన్నర రాత్రుళ్లు కూర్చుని చేసిన రెక్కలు. ఆ రోజు వేషం లేకుండానే తిరిగాను. ట్రైనులో అయితే మన సామాను మన కళ్లముందే ఉంటుంది. తప్పెటని పాత చీరల మధ్య పెట్టి అట్టపెట్టెలో సర్ది పై బెర్తు మీద పెట్టుకోండి.

ఆమదాలవలసలో, అదే శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో, విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు పొద్దున్న దిగిపోతారు. ఫలక్‌నుమా కూడా ఉంది. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు (ఇంతకుముందు 120 ఉండేది, 2024 నవంబరు నుంచి తగ్గించారు). తేదీలు ప్రకటించగానే క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుని ఆ రోజు పొద్దున్నే చేసేయండి. సికింద్రాబాద్ స్టేషన్‌లో పనులు జరుగుతున్నాయని కొన్ని బళ్లను చర్లపల్లికి మార్చారు, టికెట్ తీసేటప్పుడు చివరి స్టేషన్ ఏదో చూసుకోండి. సికింద్రాబాద్‌లో దిగితే బయటే మెట్రో ఉంది. రాయదుర్గం వైపు వెళ్లే నీలం లైను ఎక్కి హైటెక్ సిటీలో దిగండి. అక్కడి నుంచి కామిక్ కాన్ జరిగే హైటెక్స్‌కి ఆటో.

కామిక్ కాన్ మామూలుగా శుక్ర, శని, ఆదివారాలు ఉంటుంది. శనివారం ఊపిరాడదు. మీరు శుక్రవారానికి ఒక్కరోజు టికెట్ తీసుకోండి, మీ పనికి అదే మంచిది. టికెట్ ఆన్‌లైన్‌లో ముందే తీసుకోండి, గేటు దగ్గర చూసుకుందాంలే అనుకోవద్దు.

*

నీలిపెన్సిల్ (బొబ్బిలి, ప్రస్తుతం హైదరాబాద్):

అమ్మా, మీ చివరి ప్రశ్నకి నేను జవాబు చెప్పగలను. మూడేళ్లుగా అక్కడ ఆర్టిస్ట్ ఆలీలో నాదీ ఒక టేబుల్ ఉంటుంది. బొమ్మలేసేవాళ్లందరూ వరసగా టేబుళ్లు వేసుకుని తమ ప్రింట్లు, పుస్తకాలు అమ్ముకునే చోటు అది.

చూస్తారు. తప్పకుండా చూస్తారు. అయితే ఎప్పుడు వెళ్తారు, ఏం పట్టుకెళ్తారు అన్నదాన్ని బట్టి ఉంటుంది.

శుక్రవారం గేట్లు తీసిన మొదటి రెండు గంటలు మా టేబుళ్ల దగ్గర జనం పలచగా ఉంటారు. పిల్లని ఆ టైముకే తీసుకురండి. మధ్యాహ్నం దాటాక నేను చిల్లర ఇస్తూ, ప్రింట్లు చుడుతూ, సంతకాలు పెడుతూ ఉంటాను. అప్పుడు ఎవరైనా పిల్లలు ఫైలు చాపితే మనసు అటు వెళ్తుంది కానీ చేయి ఖాళీ ఉండదు. నిరుడు ఒకబ్బాయి శనివారం సాయంత్రం వచ్చి నా వెనక ఇరవై నిమిషాలు నిలబడి వెళ్లిపోయాడు. ఆ తర్వాత వెతికాను, కనబడలేదు. అది ఇప్పటికీ బాధగానే ఉంది.

పదకొండు పుస్తకాలూ తేవద్దు. అసలువి అసలే తేవద్దు, ఇంట్లో బీరువాలో పెట్టండి. వాటిలోంచి ఎనిమిది పేజీలు ఏరి, శుభ్రంగా ఏ4 కాగితాల మీద మళ్లీ గీయించండి. వాటికి మంచి జిరాక్సులు తీసి ప్లాస్టిక్ కవర్ల ఫైలులో పెట్టండి. ఆ ఎనిమిదీ ఒకే సంఘటనకి వరసగా వచ్చే పేజీలై ఉండాలి. చాలామంది పిల్లలు విడివిడిగా బాగా వచ్చిన బొమ్మలు తెస్తారు. హీరో నిలబడ్డాడు, హీరో ఎగిరాడు, హీరో కత్తి తిప్పాడు. గీత బాగుందో లేదో వాటిలో తెలుస్తుంది కానీ కథ చెప్పడం వచ్చో రాదో తెలీదు. గంగ గాలి వాసన పట్టిన దగ్గర్నుంచి మొదటి ఇంటి తలుపు తెరుచుకునేదాకా ఎనిమిది పేజీల్లో చూపిస్తే, ఒక్క మాట చదవకుండానే నాకు అర్థమైతే, ఆ పిల్లకి కామిక్ వచ్చినట్టే.

మాటలు తెలుగులోనే ఉంచండి. ఇంగ్లిషులో రాయాలేమోనని చాలామంది భయపడతారు. తెలుగు రాని ఆర్టిస్టుకి చూపించాల్సి వస్తే కథ నోటితో రెండు వాక్యాల్లో చెప్పేలా పిల్లని సిద్ధం చేయండి, చాలు.

వెళ్లి "మూడు నిమిషాలు చూస్తారా, తప్పులు చెప్తారా" అని అడగమనండి. "బాగుందా" అని అడిగితే అందరూ బాగుందనే అంటారు. తప్పులు చెప్పమంటే ఆగి చూస్తారు. చెప్పింది అక్కడే చిన్న పుస్తకంలో రాసుకోమనండి. నా టేబుల్ దగ్గరికి కూడా తీసుకురండి, నంబరు కేటాయించగానే ఇక్కడే పెడతాను.

*

సముద్రపుగాలి (భీమిలి):

ఆడపిల్ల తల్లిగా మీరు అడగాలనుకుని అడగని సంగతి నేను చెప్తాను. నేనూ మా చెల్లీ నాలుగుసార్లు వేషం కట్టి వెళ్లాం. వేషంలో ఉన్నవాళ్లతో ఫొటో దిగాలని చాలామంది వస్తారు. అడిగి తీసుకోవడం అక్కడి పద్ధతి. అడక్కుండా తీసినా, భుజం మీద చెయ్యి వేయబోయినా గట్టిగా వద్దని చెప్పమనండి. అలా చెప్పడం తప్పు కాదని ఇంట్లోనే ఒకసారి చెప్పి పంపండి. మాట వినకపోతే వాలంటీర్లని పిలవాలి. ఎక్కువమంది మర్యాదగానే ఉంటారు. చిన్నపిల్లలైతే పరిగెత్తుకొచ్చి "నువ్వెవరు" అని అడుగుతారు. గంగ కథ వాళ్లకి చెప్తుంటే మీ అమ్మాయికి వచ్చే సంతోషం మీరు దగ్గరుండి చూడాలి.

బట్టలు మార్చుకునే చోట రద్దీగా ఉంటుంది. లోపలి బట్టలు, జడ, బొట్టు రూములోనే అయిపోవాలి. పైన ఒక చున్నీ కప్పుకుని ఆటోలో వచ్చేసి తప్పెట, నడికట్టు అక్కడ కట్టుకుంటే సరి. బస కొండాపూర్ వైపు చూసుకోండి. సికింద్రాబాద్‌లో లాడ్జీలు చవగ్గా దొరుకుతాయి కానీ రాత్రి ఆ వేషంతో, ఆ అలసటతో అంత దూరం వెనక్కి రావడం కష్టం.

లోపల జనం ఎక్కువై ఫోన్ సిగ్నల్ సరిగ్గా ఉండదు, ఫోన్‌పే తిరుగుతూనే ఉంటుంది. రెండు వేల రూపాయలు నగదుగా పెట్టుకోండి. తిండి ఖరీదు. పన్నెండు వేలు స్లీపర్‌లో వెళ్లొచ్చి ఒక రాత్రి ఉండటానికి సరిపోతాయి, బొమ్మల షాపుల దగ్గర ఎంత ఖర్చు పెట్టాలో మాత్రం ముందే అనుకుని వెళ్లండి. చెప్పులు మెత్తవి. సూది దారం, పిన్నీసులు తెచ్చుకోమని మీకు నేను చెప్పాలా!

*

పాతచందమామ (శ్రీకాకుళం):

అమ్మా, నేను రిటైరైన డ్రాయింగ్ మాస్టార్ని. కామిక్ కాన్ దిల్లీలో 2011లో, మన హైదరాబాద్‌లో 2013లో మొదలైందని మనవడు చెప్పాడు, నేను ఎప్పుడూ వెళ్లలేదు. కానీ మీ అమ్మాయికి ఒక మాట తెలియాలి. చందమామకి ఏళ్ల తరబడి అట్టమీద బొమ్మలు వేసిన వడ్డాది పాపయ్య గారు పుట్టింది మన శ్రీకాకుళంలోనే, 1921లో. కింద మూలన 'వపా' అన్న సంతకం చూసి ఆ సంచిక దాచుకునేవాళ్లం. మా క్లాసులో పిల్లలకి ఆ అట్టలే పాఠం. మనుషులు, నగలు, చెట్లు, అన్నీ ఇక్కడివి.

గంగని కూడా అలాగే ఉంచమనండి. కళ్లు పెద్దవి చేసి జపాను బొమ్మలా మార్చమని ఎవరైనా అంటే విననక్కర్లేదు. జీడిచెట్టు గీసేటప్పుడు కొమ్మలు నేలకి వాలి ఉండాలి, మామిడిచెట్టులా పైకి పోకూడదు. తుపానుకి కూలినప్పుడు వేరు మట్టితో సహా లేస్తుంది, ఆ గుంత కూడా కనిపించాలి. వీలైతే ఒక పేజీ ఇక్కడ పెట్టండి తల్లీ, చూడాలని ఉంది.

*

కుట్టుమిషన్:

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. నిన్న రాత్రి షాపు కట్టేశాక మీరు రాసినవన్నీ పిల్ల పైకి చదివింది, నేను విన్నాను. మాస్టారి మాట దగ్గర ఆగి, లోపలికెళ్లి మొదటి నోటు పుస్తకం తెచ్చింది. చిన్నప్పుడు గీసిన ఆ చెట్టుకి వేరూ మట్టీ గుంతా అన్నీ ఉన్నాయి మాస్టారూ. ఐదో తరగతి పిల్ల అంత చూసిందని నేను ఇన్నేళ్లూ గమనించలేదు. పేజీ ఫొటో రేపు పెడతాను.

ఫోమ్ తెచ్చాను. ఇస్త్రీపెట్టె ఆనించకుండా జానెడు దూరంలో పట్టుకుంటే మెత్తబడటం లేదు, బాగా దగ్గరికి తెస్తే మెత్తబడింది. వెంటనే అన్నం గిన్నె బోర్లించి దాని మీద వంచాను. చల్లారాక తీస్తే అచ్చం తప్పెట వంపు. చూపులకి బాగుంది కానీ కొడితే చప్పుడు లేదు. పిల్ల రెండుసార్లు వేళ్లతో తట్టి ఊరుకుంది. అందుకని కాళ్లకి గజ్జెలు కడదామనుకుంటున్నాం, గంగ వస్తోందని చెవికి తెలియాలి కదా. అవి ఇత్తడివి. వాటిని కూడా ఆపుతారా? ఇదొక్కటి చెప్పండి, నీలిపెన్సిల్ బాబూ. ఎనిమిది పేజీల్లో మూడు అయ్యాయి.

*

నీలిపెన్సిల్:

నిరుడు ఒకమ్మాయి రెండు కాళ్లకీ నాట్యం గజ్జెలు కట్టుకుని రోజంతా తిరిగిందమ్మా, ఎవరూ ఆపలేదు. తోలుపట్టీకి గట్టిగా కుట్టండి, ఊడి కింద పడితే జనం కాళ్లకి గుచ్చుకుంటాయి. శుక్రవారం పొద్దున్న గజ్జెల చప్పుడు వినబడగానే టేబుల్ మీద చోటు ఖాళీ చేసి పెడతాను.