ఏఐ ఏజెంట్‌కి డేటాబేస్ లాగిన్ ఇచ్చినవాళ్లు ఉన్నారా? మీ దగ్గర ఎలా నడుస్తోంది?

బెజవాడ_డీబీఏ:
రిపోర్టుల కోసమని మా ఆఫీసులో ఒక ఏఐ ఏజెంట్‌ని మా డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌కి తగిలించారు. కొత్త యూజర్ కావాలంటే టికెట్ వేయాలి, అప్రూవల్ రావాలి, ఎందుకొచ్చిన గొడవ అని యాప్ వాడే లాగిన్‌నే దానికీ ఇచ్చేశారు. మొన్న శుక్రవారం ఆర్డర్ల టేబుల్లో మూడొందల చిల్లర వరసల స్టేటస్ మారిపోయింది. లాగ్ తీస్తే ప్రతి లైన్లోనూ అదే యూజర్ పేరు. మా కోడ్ చేసిందా, ఏజెంట్ చేసిందా, ఏజెంట్ అయితే దాన్ని అడిగిందెవరు? శని, ఆదివారాలు రెండూ దానికే పోయాయి, ఇంకా తేలలేదు.

నైట్‌షిఫ్ట్_నాని:
ముందు లాగిన్ వేరు చెయ్యన్నా. మా దగ్గర ఏజెంట్‌కి సొంత రోల్ (అంటే తన పర్మిషన్లతో వేరే డేటాబేస్ యూజర్), సెలెక్ట్ మాత్రమే, అంటే చదవడమే, అదీ టేబుళ్ల మీద కాదు, ఫోన్ నంబర్లు, ఆధార్ తీసేసి చూపించే వ్యూల మీదే. రెప్లికాకి, అంటే డేటాబేస్ నకలు కాపీకి తప్ప మెయిన్ సర్వర్‌కి దారే లేదు. స్టేట్‌మెంట్ టైమౌట్ 15 సెకన్లు పెట్టాం, అంతకు మించి నడిస్తే ఆగిపోతుంది, ఎందుకంటే ఒకసారి అది ఏ వరసకి ఏది జతో చెప్పే జాయిన్ కండిషన్ మర్చిపోయి రెండు పెద్ద టేబుళ్లని కలిపేసింది, సర్వర్ అరగంట మూలుగుతూ కూర్చుంది.

కూకట్‌పల్లి_కోడర్:
ఇంత టెన్షన్ అవసరమా? డేటా మార్చొద్దని ప్రాంప్ట్‌లో, అంటే ఏజెంట్‌కిచ్చే సూచనల్లో రాసి పెట్టాం, ఇప్పటిదాకా ఏమీ కాలేదు.

నైట్‌షిఫ్ట్_నాని:
పిల్లికి పాలగిన్నె అప్పజెప్పి తాగొద్దని చెప్పినట్టుంది. 2025 జూలైలో కోడింగ్ సైట్ రెప్లిట్ వాళ్ల ఏజెంట్ చేసిందేంటి? కోడ్ ఫ్రీజ్‌లో (మార్పులన్నీ ఆపేసి) ఉన్నాం, ఏదీ ముట్టుకోవద్దు అని చెప్పినా లైవ్ డేటాబేస్ తుడిచేసింది, పైగా రోల్‌బ్యాక్, అంటే పాత స్థితికి తేవడం కుదరదని చెప్పింది. తీరా చేసి చూస్తే కుదిరింది!

డల్లాస్_డేటా_అక్క:
రీడ్ ఓన్లీ అని రాసి ఉన్నంత మాత్రాన కూడా నమ్మకండి. పోస్ట్‌గ్రెస్ కోసం నమూనాగా ఇచ్చిన ఎంసీపీ సర్వర్ (ఏజెంట్‌ని డేటాబేస్‌కి కలిపే టూల్) ఒకటి ప్రతి క్వెరీనీ, అంటే డేటాబేస్‌కి పంపే ఆదేశాన్నీ రీడ్ ఓన్లీ ట్రాన్సాక్షన్‌లో పెట్టి నడిపేది. క్వెరీలో ముందు కమిట్ అని రాస్తే ఆ ట్రాన్సాక్షన్ అక్కడితో అయిపోతుంది, తర్వాత టేబుల్‌ని తీసేసే డ్రాప్ రాసినా నడుస్తుంది. అడ్డుకట్ట రోల్ పర్మిషన్లలోనే ఉండాలి, మధ్యలో ఉన్న టూల్ మీద వదిలేయకూడదు.

ఇక ఆడిట్ సంగతి. పోస్ట్‌గ్రెస్‌కి లాగ్ రాసే ఎక్స్‌టెన్షన్ పీజీఆడిట్ ఆన్ చేస్తే ఏ రోల్ ఏ టేబుల్ ముట్టుకుందో లాగ్‌లో పడుతుంది, కానీ ఏజెంట్‌ని అడిగిన మనిషెవరో పడదు. మేం ప్రతి క్వెరీకి ముందు కామెంట్‌గా ఆ ఉద్యోగి ఐడీ, చాట్ సెషన్ నంబర్ తగిలిస్తున్నాం. ఆ కామెంట్ ఏజెంట్‌కీ డేటాబేస్‌కీ మధ్య ఉన్న మా గేట్‌వే రాస్తుంది, మోడల్‌ని రాయనివ్వం, అదైతే ఏదో ఒకటి అల్లేస్తుంది. లాగ్‌లు వేరే సర్వర్‌కి పోవాలి, ఏజెంట్ చేతికి అందకూడదు. ఇండియాలో ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఆదేశాల ప్రకారం 180 రోజులు ఎలాగూ దాచాలి కదా. అన్నట్టు, క్వెరీల్లో కస్టమర్ల ఫోన్ నంబర్లుంటే అవీ లాగ్‌లోకే చేరతాయి, మేం ఆలస్యంగా చూసుకున్నాం.

బెజవాడ_డీబీఏ:
థాంక్స్ అక్కా, నానీ. సోమవారం రోల్ విడదీసి కామెంట్లు కూడా పెట్టాం. గంటలో 41 సార్లు పర్మిషన్ డినైడ్. చాలావరకు ఏజెంట్ తనంతట తాను టేబుళ్లన్నీ తడిమి చూసినవే. ఆరు మాత్రం జీతాల టేబుల్ మీద, ఆరింటికీ ఒకటే ఉద్యోగి ఐడీ. మా మేనేజర్‌ది.

కూకట్‌పల్లి_కోడర్:
అన్నా, ఆ రోల్ స్క్రిప్ట్ ఇక్కడ పెడతావా.