తిరుపతిలో ఉద్యోగం మానేసి సినిమా కోసం హైదరాబాదు పోదామనుకుంటున్నా, పోయొచ్చినవాళ్లు కాస్త చెప్పండి

అలిపిరి_కుర్రోడు:
నాకు 26. శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ చెకింగ్, చేతికి 23 వేలు వస్తాయి. పొద్దున 5:20కి కంపెనీ బస్సు, ఇంటికొచ్చేసరికి రాత్రి 8. కాలేజీ రోజుల నుంచి నాటకాలు వేస్తున్నాను, మహతి ఆడిటోరియంలో రెండుసార్లు స్టేజీ ఎక్కాను. ఫోన్‌తో మూడు షార్ట్ ఫిల్ములు తీశాను. మూడూ కలిపి యూట్యూబులో 4 వేల వ్యూస్, అందులో సగం మా అక్కవే అనుకుంటా. బ్యాంకులో 2 లక్షల 10 వేలున్నాయి. నాన్న ఆర్టీసీలో చేసి రిటైరయ్యారు. ఇంట్లో ఇంకా చెప్పలేదు. అమ్మకు మాత్రం అనుమానం, అద్దం ముందు డైలాగులు చెప్తుంటే "ఎవురితోరా ఆ గొడవ?" అంటుంది.

ఈ డబ్బుతో ఎన్నాళ్లు నెట్టుకురావచ్చు? నటన, డైరెక్షన్ రెండూ ఇష్టమే, ఏదో ఒకటే పట్టుకోవాలా? మద్రాసు మనకు మూడున్నర గంటల దూరం కదా, అక్కడేమైనా పని ఉంటుందా? ఇంకోటి, నా యాస. ఎంత దిద్దుకున్నా "పోతా ఉండా" అనేస్తాను.

తోతాపురి:
మోహన్‌బాబు గారిది మన మోదుగులపాళెమే కదా. వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి, 1975లో స్వర్గం నరకంతో హీరో అయ్యారు. ఆలోచించకుండా రైలెక్కు తమ్ముడూ.

పాకాల_జంక్షన్:
ఆయన పేరు అందరూ చెప్తారు అన్నా. అప్పట్లో అదే రైలెక్కి వెనక్కి వచ్చినవాళ్ల పేరు ఒక్కటి చెప్పు చూద్దాం.

నేను చెప్తా, నాదే. 2016లో పోయాను, 2020లో వచ్చేశాను. కృష్ణానగర్‌లో నలుగురం ఒక గది. రెండు పరుపులు, నలుగురు మనుషులు. నైట్ షూటింగు ఉన్నవాడు పగలు పడుకుంటాడు, లేనివాడు రాత్రి. తెల్లవారుజామున 5కే జూనియర్ ఆర్టిస్టుల కోసం బండ్లు వస్తాయి. కోఆర్డినేటర్ వేలు చూపిస్తూ "నువ్వు, నువ్వు, నువ్వు కాదు" అంటాడు. కమిషన్ పోను నా చేతికి రోజుకు 700 వచ్చేవి.

మొదటి షూటింగు ఒక పెళ్లి సీను. చేతిలో లడ్డూల పళ్లెం పెట్టి తోరణం పక్కన నిలబెట్టారు. లడ్డూలు నిజమైనవే, కానీ చీమలు పట్టకుండా ఏదో కొట్టారు, తినొద్దన్నారు. పొద్దున 8 నుంచి రాత్రి 7 దాకా అదే పళ్లెం, అవే లడ్డూలు. సాయంత్రానికి చేతులు వణుకుతుంటే ఒక పెద్దాయన, ఇరవై ఏళ్లుగా అదే పనిలో ఉన్నాయన, "మోచేతులు పక్కటెముకలకు ఆనించుకోరా, బరువు తెలీదు" అన్నాడు. హైదరాబాదులో నేను నేర్చుకున్న మొదటి నటన పాఠం అదే. సినిమా రిలీజయ్యాక తిరుపతి వచ్చి అమ్మను థియేటరుకు తీసుకెళ్లాను. నా భుజం కనిపించింది. పళ్లెం బాగా కనిపించింది.

డబ్బు సంగతి అడిగావు కాబట్టి చెప్తున్నా. నీ 2 లక్షల 10 వేలు నెలకు 15 వేల చొప్పున 14 నెలలు వస్తాయని లెక్క వేసుకుని ఉంటావు. రావు. అడ్వాన్సు, ఫోటోలు, ఆడిషన్‌కు మంచి చొక్కాలు, పండక్కి ఇంటికి రాకపోకలు కలిపితే పది నెలలు. ఇంకా అసలు విషయం, డబ్బు పూర్తిగా అయిపోయాక మనిషి మోసపోడు. అయిపోబోతోందని తెలిసినప్పుడే మోసపోతాడు. జేబులో ఏమీ లేనప్పుడు నన్ను ఎవరూ అడగలేదు. ఆఖరి 40 వేలు మిగిలినప్పుడే ఒకాయన "సెకండ్ హీరో, పోర్ట్‌ఫోలియోకు 35 వేలు కట్టు" అంటే కట్టేశాను. ఆఫీసు గోడకు పెద్ద పెద్ద పోస్టర్లు ఉన్నాయిలే, నమ్మాను. నెల తిరిగేసరికి ఆ గదిలో టైలరింగు షాపు.

2020 మార్చిలో షూటింగులు ఆగాక వచ్చేశాను. ఇప్పుడు తిరుపతిలో పెళ్లి వీడియోలు తీస్తున్నాను. ముహూర్తాలు ఉంటే నెలకు నీ జీతానికి రెండింతలు. లేనప్పుడు అడగొద్దు.

నగరి_ద్విభాషి:
మద్రాసు ప్రశ్న ఎవరూ పట్టించుకోలేదు, నేను చెప్తాను. నేను ఎనిమిదేళ్లుగా వడపళనిలో ఉంటున్నాను. నటి అవుదామని వచ్చి డబ్బింగులో స్థిరపడ్డాను. తెలుగు సినిమా హైదరాబాదుకు తరలిపోయి దశాబ్దాలు దాటింది, కాబట్టి తెలుగులో వేషం కావాలంటే అక్కడికే పోవాలి. కానీ తమిళ సినిమాలు తెలుగులోకి వస్తూనే ఉంటాయి. మన సరిహద్దు వాళ్లకు రెండు భాషలూ ఇంట్లోనే వచ్చేస్తాయి, దాన్ని మనం చదువు కింద లెక్కేయం గానీ ఇక్కడ దానికి డబ్బులిస్తారు.

ఒక చిన్న ఉదాహరణ. తమిళంలో "వేండాం" అంటే వద్దు. తెరమీద ఆ మాట చివర నటి పెదాలు మూసుకుంటాయి. నువ్వు మైకులో "వద్దు" అంటే పెదాలు కలవవు, చూసేవాళ్లకు ఎక్కడో తేడా కొడుతుంది. అందుకని సందర్భం కుదిరితే "వదిలేద్దాం" అంటాం. మొదట వ, చివర సున్నా, సరిగ్గా అతుక్కుంటుంది. ప, బ, మ ఎక్కడ పడుతున్నాయో చూసుకుంటూ రాయడం, చెప్పడం, ఇదే రోజంతా పని. మొదటి ఏడాది గుంపులో అరుపులు, ఏడుపులు, "అమ్మో", "పట్టుకోండి" లాంటివే ఇచ్చారు. ఏడుపులకు నేను ఫేమస్.

ఆడపిల్లలు ఎవరైనా చదువుతుంటే ఒక మాట. ఆడిషన్ ఆఫీసులోనో స్టూడియోలోనో పగలే జరుగుతుంది. హోటల్ గది అన్నా, రాత్రి 9 తర్వాత అన్నా, "ఒంటరిగా రా" అన్నా అది ఆడిషన్ కాదు. నేను మొదటి రెండేళ్లు మా అన్నను వెంటబెట్టుకుని పోయేదాన్ని. నవ్వారు. నవ్వనీ.

క్లాప్_నంబర్_2:
నటనా డైరెక్షనా అన్నావు తమ్ముడూ. నాది మదనపల్లె. హైదరాబాదులో అసిస్టెంటుగా నాలుగు సినిమాలు చేశాను. మొదటి సినిమాకు ఎనిమిది నెలలు జీతం లేదు, భోజనం, పెట్రోలు అంతే. చేరినవాడికి ముందు క్లాప్ ఇస్తారు. చెక్క కొట్టడమే కదా అనుకుంటారు. బోర్డు మూసుకున్న బొమ్మ, టప్ మన్న చప్పుడు, ఆ రెండూ కలిపితేనే ఎడిటింగులో బొమ్మకూ మాటకూ జత కుదిరేది. సౌండ్ తీసుకోని షాటుకు చెక్కల మధ్య వేళ్లు అడ్డం పెట్టి చూపిస్తాం, చప్పుడు కోసం ఎడిటర్ వెతుక్కోకుండా. ఒకసారి నేను మధ్యాహ్నమంతా టేకు నంబరు ఒకటి తప్పుగా రాశాను. రాత్రి 1 గంటకు ఎడిటర్ అసిస్టెంటు ఫోన్ చేసి తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

తర్వాత కంటిన్యుటీ. హీరో గుమ్మం బయట నుంచి లోపలికి వస్తాడు. బయట సీను నాలుగో రోజు తీస్తారు, లోపలిది ముప్పయ్యో రోజు వేరే సెట్టులో. చొక్కా చేతులు ఎన్ని మడతలు పెట్టాడు, వాచీ ఏ చేతికి, బొట్టు ఉందా లేదా, అన్నీ నీ నోట్‌బుక్కులో ఉండాలి. క్వాలిటీ చెకింగ్ చేస్తున్నావంటున్నావు, ఈ పని నీకు బాగా అబ్బుతుంది, ఎగతాళి కాదు.

రెండూ చేయొచ్చు, కానీ ఒకే రోజు కుదరదు. సెట్టులో అసిస్టెంటుగా ఉంటే ఆడిషన్లకు పోలేవు. ఆడిషన్ల కోసం ఖాళీగా ఉంటే సెట్టు దొరకదు. నేనైతే ముందు ఒక్క సినిమాకు అసిస్టెంటుగా చేయమంటాను, మనుషులు తెలుస్తారు. ఇక్కడ జీతం ఆలస్యం మామూలే. 2025 ఆగస్టులో వేతనాల కోసం సమ్మె జరిగి రెండు వారాలకు పైగా షూటింగులు ఆగాయి, ఆ నెల నేను ఒక కోచింగ్ సెంటరుకు వీడియోలు ఎడిట్ చేసి అద్దె కట్టాను. ఎడిటింగ్ రాకపోతే ఇప్పుడే నేర్చుకో, డావిన్సీ రిజాల్వ్ ఉచితంగానే దొరుకుతుంది.

తోతాపురి:
చిత్తూరు నాగయ్య గారిని మర్చిపోయారు అందరూ. నటన, డైరెక్షన్ రెండూ చేశారు, త్యాగయ్య (1946).

పాకాల_జంక్షన్:
పూర్తిగా చెప్పు అన్నా. పుట్టింది రేపల్లెలో, మన చిత్తూరికొచ్చి అక్కడి నాటకాలతో పేరు తెచ్చుకున్నాక మద్రాసు పోయారు. అంత పెద్ద నటుడూ చివరి రోజుల్లో డబ్బుకు ఇబ్బంది పడ్డారు. అయినా ఆయన చేసిన పని ముందు మనమెంత, అది వేరే సంగతి.

తపస్సుమాను:
యాస గురించి మాట్లాడాలి. మాది పుత్తూరు పక్కన పల్లె. మా నాన్న భారతంలో దుర్యోధనుడి వేషం కట్టేవాడు. మన వైపు ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర భారతం మీకు తెలిసిందే, పగలు హరికథ, రాత్రి తెల్లార్లూ నాటకం, అర్జునుడు తపస్సు మాను ఎక్కడం, ఆఖర్న దుర్యోధన వధ, అగ్నిగుండం. మైకు పాడైపోయిన రాత్రులు కూడా నాన్న మాట చివరి వరసలో పడుకున్న ముసలమ్మకు వినిపించేది. నేను అదే గొంతుతో హైదరాబాదులో మొదటి ఆడిషన్ ఇచ్చాను. చిన్న గది, మూడడుగుల దూరంలో కెమెరా. ఆ అమ్మాయి హెడ్‌ఫోన్లు తీసేసి "సార్, కెమెరా మీ పక్కనే ఉంది" అంది.

గొంతు తగ్గించడానికి నాకు ఏడాది పట్టింది. యాసకైతే ఏమీ చేయలేదు. మొదట్లో "న్యూట్రల్‌గా చెప్పండి" అనేవాళ్లు. 2021లో పుష్ప వచ్చాక "చిత్తూరు యాస వచ్చా?" అని వాళ్లే ఫోన్ చేస్తున్నారు. సంబరపడకు, పిలిచేది ఎర్రచందనం మోసేవాడి వేషానికో, వాడి పక్కన నిలబడేవాడికో. మన యాసలో మాట్లాడే డాక్టరు వేషం ఇంతవరకు నాకు రాలేదు. రెండు రకాలుగానూ చెప్పగలిగేలా ఉండు. సెల్ఫ్ టేప్, అంటే ఆడిషన్ కోసం మనమే తీసుకున్న వీడియో, పంపేటప్పుడు ఒకటి మామూలుగా, ఒకటి మన మాటలో. ట్యూబ్‌లైటు కింద తీస్తే షట్టర్ స్పీడు 1/50లో పెట్టు, లేకపోతే బొమ్మ రెపరెపలాడుతుంది.

డబ్బు పెట్టి చదవాలనుకుంటే హైదరాబాద్ యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ పీజీ ఉంది, బెంగళూరులో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా కేంద్రం ఉంది. రెండూ ప్రభుత్వానివే. నెల రోజుల్లో హీరోని చేస్తామనే చోట్ల కట్టే డబ్బు ఇక్కడ పెట్టొచ్చు.

రిటైర్డ్_మేష్టారు:
నేను తండ్రి వైపు నుంచి రాస్తున్నాను. మా వాడు చెప్పకుండా పోయాడు. నా కోపం వాడు పోయినందుకు కాదు, మూడు రోజులు ఫోన్ ఎత్తనందుకు. ఆ మూడు రోజులు రైల్వే స్టేషన్లో, బస్టాండులో వెతికాను. మీ నాన్నగారు ఆర్టీసీలో చేశారంటున్నారు, ఊళ్లకు పోయేవాళ్లను రోజూ చూసిన మనిషి. చెప్పి వెళ్లండి బాబూ.

అలిపిరి_కుర్రోడు:
అందరికీ చాలా థాంక్స్ అన్నా, అక్కా. మేష్టారూ, మీ మాట చదివాక నిన్న రాత్రి నాన్నకు చెప్పేశాను. అన్నం తింటున్నారు. తల ఎత్తకుండా "ఎన్నాళ్లు?" అన్నారు. పది నెలలు అన్నాను. "పీఎఫ్ తీసేయొద్దు, దాన్ని ముట్టుకోకు" అన్నారు. ఇంకేం మాట్లాడలేదు. అమ్మ మాత్రం చారు గిన్నె గట్టిగా పెట్టింది.

ఉద్యోగం ఇప్పుడే మానను. ముందు వారం సెలవు పెట్టి హైదరాబాదు వస్తాను. క్లాప్ అన్నా, రెండు రోజులు సెట్టు బయట నిలబడి చూసినా చాలు, వీలైతే చెప్పు. ఆరు నెలలు ఎడిటింగ్ నేర్చుకుంటాను. 2 లక్షల 10 వేలలో 50 వేలు అక్క దగ్గర పెడతాను, నేను ఎంత అడిగినా ఇవ్వొద్దని చెప్పి. అది పాకాల అన్న 35 వేల కథ చదివాక తీసుకున్న నిర్ణయం.

క్లాప్_నంబర్_2:
మెసేజ్ పెట్టాను చూడు. మంగళవారం దిగేలా రా, ఆ వారం మా షూటింగు సిటీలోనే. బూట్లు వేసుకో, చెప్పులతో కేబుళ్ల మీద నడవలేవు.

అలిపిరి_కుర్రోడు:
సోమవారం సాయంత్రం నారాయణాద్రి, స్లీపర్, వెయిటింగ్ లిస్టు 34. కన్ఫర్మ్ అవుతుందా?

పాకాల_జంక్షన్:
సోమవారం తిరుగు ప్రయాణం రద్దీ. పద్మావతికి కూడా చూడు. కాకపోతే బస్సెక్కు, కిటికీ సీటు తీసుకో.