అప్‌డేట్: సుప్రీంకోర్టులో మా కేసు విచారణ చూశాం

హైకోర్టు తీర్పు మీద పెదనాన్న వేసిన భూమి కేసు విచారణను సుప్రీంకోర్టులో కూర్చుని చూడొచ్చా అని అడిగాను కదా, చూడొచ్చు. కోర్టు వాళ్ల ‘సుస్వాగతం’ పోర్టల్‌లో ఫోన్ నుంచే ఈ-పాస్ తీసుకున్నాం. యూట్యూబ్‌లో వస్తుందని కొందరన్నారు. 2022 సెప్టెంబరు 27న ఆ లైవ్ మొదలైంది రాజ్యాంగ ధర్మాసనం (రాజ్యాంగ ప్రశ్నలు తేల్చే ఐదుగురు లేదా ఎక్కువమంది జడ్జీల బెంచ్) కేసులతో; మాది మామూలు ఎస్‌ఎల్‌పీ (అప్పీలుకు ప్రత్యేక అనుమతి అడిగే పిటిషన్), అందులో రాలేదు.

సోమవారం కదా, కొత్త కేసుల రోజు, హాలంతా కిటకిట. బోర్డు మీద మా ఐటమ్ నంబరు పడేదాకా ఒకటే టెన్షన్. తీరా పిలిచాక రెండు నిమిషాలే! జడ్జిగారు ఫైలు ముందే చదివినట్టున్నారు, నేరుగా పట్టా తేదీ అడిగారు. మా లాయర్ గారు పేజీ నంబరు చెప్పేలోపే ‘ఇష్యూ నోటీస్’ అనేశారు. అంటే గెలిచినట్టు కాదు, అవతలివాళ్ల జవాబు అడిగారంతే (పెదనాన్న మాత్రం అప్పుడే స్వీట్లు కొనేశారు). స్టే రాలేదు, వచ్చే వాయిదాకు మళ్లీ అడుగుతారట.