క్లోన్ వార్స్‌లో వదలకూడని ఘట్టాలు ఏవి?

నక్షత్రబాటసారి: స్టార్ వార్స్ సినిమాలన్నీ చూశాను గానీ ‘ది క్లోన్ వార్స్’ యానిమేషన్ సీరీస్ జోలికి ఇంతవరకు పోలేదు. ఏడు సీజన్లు, 133 ఎపిసోడ్లు అనగానే ధైర్యం చాలలేదు. కథ తెగకుండా, జెడై యోధుడు అనాకిన్ శిష్యురాలైన అహ్సోకా పాత్ర పూర్తిగా అర్థమయ్యేలా యాభై లోపు ఎపిసోడ్లతో సరిపెట్టుకోవాలంటే ఏ ఘట్టాలు చూడాలో అనుభవజ్ఞులు చెప్పగలరు.

పాతప్రేక్షకుడు: మూడు ఘట్టాల విషయంలో ఎవరికీ భిన్నాభిప్రాయం ఉండదనుకుంటాను. ఐదో సీజన్ చివర 17 నుంచి 20 వరకు నడిచే అహ్సోకా విచారణ, అదే సీజన్‌లో 14 నుంచి 16 వరకు మాండలోర్ గ్రహంపై విలన్ మాల్ సాగించిన కుట్ర, ఏడో సీజన్‌లోని చివరి నాలుగు ఎపిసోడ్లు. అయితే మాల్ ఎక్కడినుంచి ఊడిపడ్డాడని అడగకుండా ఉండాలంటే మూడో సీజన్ 12–14, నాలుగో సీజన్ 19–22, ఐదో సీజన్ మొదటి ఎపిసోడ్ ముందే చూసి ఉండాలి. మాండలోర్ పాలకురాలు డచెస్ సతీన్ ఎవరో తెలియడానికి రెండో సీజన్ 12–14 కూడా కావాలి.

క్లోన్‌పక్షపాతి: పై జాబితాలో క్లోన్ సైనికులే లేరు. మొదటిసారి నేనూ జెడైలను, మాల్‌ను పట్టుకుని మిగతావి దాటవేశాను. ఆ తరువాత ఆరో సీజన్ తొలి నాలుగు ఎపిసోడ్లలో ఫైవ్స్ అనే క్లోన్ సైనికుడు తోటి క్లోన్ల మెదడులోని చిప్ రహస్యం వెంట పడుతుంటే, అతనెవరో తెలియక చలనం లేకుండా చూస్తూ కూర్చున్నాను. రెండోసారి అతని కథను మొదటినుంచి వరుసగా చూశాను. మూడో సీజన్ మొదటి ఎపిసోడ్‌లో శిక్షణ పొందుతున్న డామినో దళం, మొదటి సీజన్ ఐదో ఎపిసోడ్‌లో వారి తొలి పోరు, మళ్లీ మూడో సీజన్ రెండోది. ప్రసారమైన వరుస కాదు గానీ కథాకాలం ప్రకారం ఇదే క్రమం. నాలుగో సీజన్ 7–10లోని ఉంబారా ఘట్టం గురించి ఎంత చెప్పినా తక్కువే. అనాకిన్‌ను రాజధానికి పిలిపించి అతని క్లోన్ దళాన్ని పాంగ్ క్రెల్ అనే జెడై సేనాని చేతికి అప్పగించాక, ఆజ్ఞకూ అంతరాత్మకూ నడుమ క్లోన్ కెప్టెన్ రెక్స్ పడే నలుగుబాటులో, జెడైలను చంపమని క్లోన్లకు వచ్చే ఆజ్ఞ ‘ఆర్డర్ 66’ను మనం ఇకపై ఏ కళ్లతో చూస్తామో నిర్ణయమైపోతుంది. అక్కడ ఏం జరుగుతుందో చెప్పను.

పాతప్రేక్షకుడు: అంగీకరిస్తున్నాను, నా జాబితాలో అది లోపమే. అలాగైతే మూడో సీజన్ 18–20లోని సిటడెల్ ఘట్టం కూడా చేర్చాలి, లేకపోతే ఏడో సీజన్ మొదటి నాలుగు ఎపిసోడ్లలో డామినో దళానికి చెందిన ఎకో కోసం సాగే వెతుకులాటకు అర్థముండదు.

మోర్టిస్‌వాసి: మూడో సీజన్ 15–17ను ఎవరూ ప్రస్తావించలేదేమి? తండ్రి, కొడుకు, కూతురు అనే మూడు శక్తుల నడుమ అనాకిన్ నిలబడే ఆ కథ లేకుండా జెడైల అతీత శక్తి ‘ఫోర్స్’ తత్త్వం అందదు.

క్లోన్‌పక్షపాతి: నాకు అది కొంత పురాణం ధోరణిలో సాగినట్లనిపించింది, అయినా మూడే ఎపిసోడ్లు కాబట్టి ఉంచవచ్చు. ఐదో సీజన్‌లో డ్రాయిడ్ల దళం నాలుగు ఎపిసోడ్ల పాటు తిరిగే కథను మాత్రం నిస్సంకోచంగా వదిలేయండి.

నక్షత్రబాటసారి: లెక్క వేస్తే 43 వచ్చింది. 2008లో వచ్చిన సినిమాను కూడా చూడాలా?

పాతప్రేక్షకుడు: చూడండి. నడక కాస్త మందకొడిగానే ఉంటుంది గానీ, అహ్సోకా అనాకిన్‌కు శిష్యురాలిగా తొలిసారి ఎదురయ్యేది అందులోనే. ఆ అల్లరి పిల్లను చూడకుండా విచారణ ఘట్టానికి వెళితే సగం బాధ తగ్గిపోతుంది. 2013లో ఐదో సీజన్‌తో టీవీ ప్రసారం ఆగిపోయినప్పుడు మాకు మిగిలిన చివరి దృశ్యం ఆ విచారణ ముగింపే. ఆఖరి సీజన్ కోసం 2020 దాకా ఎదురుచూశాము. మీరు మరునాడే చూడగలరు.