బ్యారీ శాండర్స్ 31 ఏళ్లకే ఎందుకు ఆపేశాడు?

మధురవాడ నైట్ షిఫ్ట్:
మా క్లయింట్లు డెట్రాయిట్ వాళ్లు. వాళ్లతో మాట కలపడానికని అమెరికన్ ఫుట్‌బాల్ చూడటం మొదలుపెడితే ఇప్పుడు అదే వ్యసనమైంది. అక్కడ ఎవరిని కదిపినా వాళ్ల ఊరి జట్టుకు ఆడిన బ్యారీ శాండర్స్ మాటే. 1998 సీజన్ ముగిసేసరికి, బంతి పట్టుకుని పరుగెత్తి ఆయన మొత్తం సంపాదించినవి 15,269 గజాలు. వాల్టర్ పేటన్ రికార్డు 16,726. ఇంకొక్క సీజన్ ఆడితే చేతికందేది. పెద్ద గాయమేమీ లేదు, జట్టు పొమ్మనలేదు. అయినా 1999 జూలైలో సొంత ఊరు విచిటాలోని పత్రికకు ఒక ఫ్యాక్స్ పంపి ఆట మానేశాడు. డబ్బు తగాదా ఏమైనా ఉందా?

డాబాగార్డెన్స్:
బంతితో పరుగెత్తే రన్నింగ్ బ్యాక్‌కు 30 దాటితే దిగుడే. మోకాళ్లు దాచుకున్నాడు, తెలివైనవాడు.

పాత రైడర్, గాజువాక:
డాబాగార్డెన్స్ గారూ, ఆ మాట చాలామందికి వర్తిస్తుంది, ఈయనకు కాదు. 1997లో మొదటి రెండు మ్యాచ్‌లు తేలిపోయాక వరుసగా 14 మ్యాచ్‌లలో వందేసి గజాలు దాటి, మొత్తం 2,053 చేశాడు. మరుసటి ఏడాది 1,491. పేటన్‌ను అందుకోవడానికి కావలసింది 1,457 మాత్రమే.

డబ్బు సంగతంటారా, అది ఎదురు తిరిగింది. ముందే పుచ్చుకున్న బోనసులో కొంత జట్టుకు తిరిగి కట్టాలని మధ్యవర్తి తీర్పు చెప్పాడు.

నేను కబడ్డీ ఆడినవాణ్ణి. రైడర్ ఎంత మొనగాడైనా వెనక జట్టు లేకపోతే ఒంటి చేత్తో ఎన్నాళ్లు లాగుతాడు? ఈయన ఆడిన పదేళ్లలో డెట్రాయిట్ గెలిచిన ప్లేఆఫ్ (సీజన్ చివరి నాకౌట్) మ్యాచ్ ఒక్కటే, 1992 జనవరిలో డల్లాస్ మీద 38-6తో. 1994 చివరి రోజున గ్రీన్ బేలో బంతి 13 సార్లు చేతికిస్తే మిగిలింది మైనస్ ఒక గజం, అంటే మొత్తం మీద వెనక్కే! ముందు నిలబడి దారి తీసే సెంటర్ కెవిన్ గ్లోవర్‌ను కూడా 1997 తర్వాత వదులుకున్నారు. 1998లో ఐదు గెలుపులు, పదకొండు ఓటములు. ఓడీ ఓడీ విసిగిపోయానని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు.

ఆయన ఆట చూస్తే, అలాంటి జట్టులో వృథా అయిందే అని కడుపు మండుతుంది. ఐదడుగుల ఎనిమిది అంగుళాల మనిషి. నిండు వేగంలో వస్తూ, మోకాలు నేలకు తగిలేంత కిందికి వంగి ఠక్కున ఆగేవాడు. పట్టుకోబోయినవాడు పక్కనుంచి దూసుకుపోయి గాలిని కౌగిలించుకునేవాడు. ఆర్కే బీచ్ ఇసుకలో మా కుర్రాళ్లతో అదే ఆగడం ప్రయత్నింపజేశాను. ఒక్కడూ నిలబడలేదు, అందరూ బొక్కబోర్లా.

మధురవాడ నైట్ షిఫ్ట్:
మాస్టారూ, అదంతా ఒప్పుకుంటాను. కానీ రికార్డు మీద ఆశ ఉండదా?

పాత రైడర్, గాజువాక:
మొదటి ఏడే ఉండలేదు బాబూ. 1989 చివరి మ్యాచ్‌లో ఇంకో పది గజాలు వస్తే ఆ ఏటి గజాల లెక్కలో లీగ్‌లో మొదటి స్థానానికి చేరేవాడు. మళ్లీ దిగుతావా అని కోచ్ అడిగితే, గెలిచేశాం కదా, ఇంటికి పోదామన్నాడు. 1,480తో క్రిస్టియన్ ఒకోయేకు దక్కింది, ఈయన 1,470 దగ్గర ఆగిపోయాడు. పేటన్ రికార్డును 2002లో ఎమిట్ స్మిత్ దాటాడు. అతను 35 ఏళ్ల వరకూ ఆడి 18,355కి చేర్చాడు. అదీ గొప్పే, కాదనను. కానీ అతనికి దొరికిన జట్టు వేరు.

డాబాగార్డెన్స్:
సరే, మోకాళ్ల మాట వెనక్కి తీసుకుంటాను. ఆ ఫ్యాక్స్ ఏమిటండీ? నలుగురిలో చెప్పవచ్చు కదా.

పాత రైడర్, గాజువాక:
టచ్‌డౌన్ చేశాక, అంటే బంతిని అవతలి గీత దాటించి పాయింట్లు తెచ్చాక, గంతులు వేయకుండా బంతి రిఫరీ చేతిలో పెట్టి వచ్చేసే మనిషి మైకుల ముందు కూర్చుంటాడా? ఫ్యాక్స్ పంపి లండన్ విమానం ఎక్కేశాడు. అభిమానులకు అది కష్టంగానే ఉండి ఉంటుంది, నాకైనా ఉండేది.

నైట్ షిఫ్ట్ బాబూ, నవంబరు నాలుగో గురువారం వాళ్ల థాంక్స్‌గివింగ్ పండుగ. ఏటా ఆ రోజు డెట్రాయిట్ ఆడుతుంది, మనకు రాత్రి బాగా పొద్దుపోయాక మొదలవుతుంది. ఆ లోపు 1997 పండుగ మ్యాచ్ వీడియో వెతుక్కో. చికాగో మీద 167 గజాలు, మూడు టచ్‌డౌన్లు.