మామూలు సిరీస్‌లకే ఎక్కువ మంది: ఇంట్లో చూపుని కొలిచేదెలా?

అద్భుతం కాదు, చెత్తా కాదు అనిపించే సిరీస్‌లే ఓటీటీ లెక్కల్లో పైన ఉంటున్నాయి. కొంత మాయ కొలతలోనే ఉంది. నెట్‌ఫ్లిక్స్ 2023 జూన్ నుంచి చూసిన మొత్తం గంటల్ని నిడివితో భాగించి వ్యూస్ అంటోంది. 45 లక్షల గంటలు, నిడివి 7.5 గంటలైతే 6 లక్షల వ్యూస్. ఆరు లక్షల మంది పూర్తిగా చూసినా, పన్నెండు లక్షల మంది సగంలో వదిలేసినా అంకె అదే! అమెరికాలో ప్రేక్షకుల లెక్కలు తీసే నీల్సన్ సంస్థ చూసిన నిమిషాలు లెక్కేస్తుంది, అందుకే 134 ఎపిసోడ్ల ‘సూట్స్’ 2023లో దాదాపు 5,770 కోట్ల నిమిషాలకు చేరింది.

మిగతాది వంటింట్లో ఉంది. బెజవాడ పటమటలో మధ్యాహ్నం గోంగూర తుంచుతూ, పప్పు డబ్బాకి ఫోన్ ఆనించి పెడితే, కుక్కర్ రెండు కూతలు కూసినా కథ తప్పిపోకూడదు. ప్రతి విషయం డైలాగులో చెప్పేసే సిరీసే అక్కడ నిలుస్తుంది. కళ్లు ఆనించి చూడాల్సినది రాత్రికి వాయిదా పడి, అలాగే ఉండిపోతుంది.

దీన్ని బెజవాడ, గుంటూరుల్లో 40 ఇళ్లలో కొలవాలి. పావుగంటకో గడి ఉన్న కాగితం ఇచ్చి, ‘చూశాను’, ‘విన్నాను’ అని టిక్కు పెట్టించాలని ఆలోచన. రాత్రి ఒకేసారి అడిగితే జనం పేరున్నవే చెబుతారు, కునుకు పట్టాక ఆటోప్లేలో వాటంతటవే నడిచినవీ కలిసిపోతాయి.

ఇంటింటి సర్వే చేసినవాళ్లు దయచేసి చెప్పండి: వారం చాలా, రెండు వారాలు కావాలా? ఒకే అకౌంట్‌ని నలుగురు వాడే ఇంట్లో ఎవరి కాగితం వారికివ్వాలా? వెనక్కి తిప్పి చూడటాన్ని శ్రద్ధకి గుర్తుగా తీసుకోవచ్చా?