క్లచ్ ఎస్టిమేట్ 23,482: ఇందులో న్యాయం ఎంత?

హైవే65: 2017 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 72,000 కి.మీ. తిరిగింది. ఎస్టిమేట్ ఉన్నదున్నట్టు: క్లచ్ సెట్ 6,400, లేబర్ 4,200. క్రాంక్ వెనక ఆయిల్ సీల్ 550, లేబర్ 3,600. ముందు బ్రేక్ ప్యాడ్లు 2,200, లేబర్ 500. డిస్క్ స్కిమ్మింగ్ (బ్రేక్ డిస్క్ పైపొర గీకి చదును చేయడం) 1,000. ఇంజిన్ ఫ్లష్ (ఇంజిన్ లోపల కడగడం) 600. థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌కి గాలి వదిలే భాగం) క్లీనింగ్ 850. మొత్తం 19,900 మీద 18 శాతం జీఎస్టీ 3,582. ఎక్కడ బేరమాడాలి?

స్పానర్18: బేరం తర్వాత, ముందు లేబర్ చూడండి. ఆ ఆయిల్ సీల్ ఉండేది ఫ్లైవీల్ (క్లచ్ బిగించి ఉండే బరువైన చక్రం) వెనకాల. గేర్‌బాక్స్ దించి, క్లచ్ విప్పితేనే చెయ్యి అందుతుంది. క్లచ్ పనికి ఆ రెండూ ఎలాగూ చేస్తారు కదా. ఆపైన మిగిలేది ఫ్లైవీల్ విప్పి, పాత సీల్ పీకి, కొత్తది కూర్చోబెట్టడమే. దించిన గేర్‌బాక్స్‌నే మళ్లీ దించినట్టు 3,600 వేశారు! సీల్ మాత్రం మార్పించండి. ఆ 550కి వెనకాడి, రేపు అది కారితే కొత్త క్లచ్ ప్లేటు నూనెలో తడుస్తుంది, మళ్లీ మొత్తం దించాలి.

పార్ట్‌నంబర్: ఆ విడిభాగాల ధరలు ఎమ్మార్పీలేనా? అయితే పన్ను అందులోనే ఉంది, పైన మళ్లీ వేయకూడదు. క్లచ్ సెట్, సీల్, ప్యాడ్లు కలిపి 9,150 మీద 1,647 అక్కడే పోయింది. ప్రతి భాగానికీ పార్ట్ నంబర్ రాయించుకుని డబ్బా మీది రేటుతో పోల్చండి. ఇంకొకటి, విడిభాగాలన్నిటికీ 18 శాతం వచ్చింది 2025 సెప్టెంబర్ 22 నుంచి. అంతకుముందు చాలావాటికి 28. 28 కలిపిన పాత ధరల పట్టిక చూసి వేశారేమో అడగండి.

బెజవాడ_గేర్: అసలు క్లచ్ పోయిందని ఎలా తేల్చారు? ఖాళీ రోడ్డు మీద 40 వేగంలో నాలుగో గేరులో ఉంచి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కండి. ఆర్‌పీఎం ముల్లు ఎగబాకి బండి వేగం అందుకోకపోతే ప్లేటు జారుతున్నట్టే. పెడల్ గట్టిపడటం ఒక్కటే అయితే, కేబుల్ రకం బండ్లలో ముందు కేబుల్ చూడాలి. అది చాలా చిన్న ఖర్చు.

హైవే65: ఆ పరీక్షలో ముల్లు లేస్తోంది. బ్రేకు సంగతి?

స్పానర్18: చక్రం విప్పించి స్కేలు పెట్టండి. వెనక ఇనప రేకు వదిలేసి ప్యాడ్ మందం 3 మి.మీ. కంటే తక్కువుంటే మార్చాల్సిందే. 6 ఉంటే ఇంకా నడుస్తాయి. లోపలి ప్యాడ్ కూడా చూడండి, బయటిది బాగున్నా అది అరిగిపోయి ఉండొచ్చు. బ్రేకు వేస్తే స్టీరింగ్ వణకనప్పుడు, డిస్క్ మీద గాడులు లేనప్పుడు స్కిమ్మింగ్ దేనికి? డిస్క్ మీదే కనీస మందం చెక్కి ఉంటుంది. అంతకంటే పలచబడితే స్కిమ్మింగ్ కాదు, డిస్కే మార్చాలి.

ఫ్లష్, థ్రాటిల్ క్లీనింగ్ కొట్టేయండి. ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ ఆన్‌లో ఉన్నప్పుడు, బండి తడబడితేనే థ్రాటిల్ జోలికి వెళ్లాలి.

హైవే65: బయట ఒక మెకానిక్ క్లచ్ పని మొత్తం 7,000 అంటున్నాడు.

బెజవాడ_గేర్: సెట్టా, ఒట్టి ప్లేటా? అదే అడగండి. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మూడూ మారాలి. పాత ప్లేటుకే రీలైనింగ్ చేసి, అంటే అరిగిన పొర మీద కొత్త పొర వేసి, కొత్తదని బిగించేవాళ్లూ ఉన్నారు. ఏ కంపెనీదో రాసివ్వమనండి, పాత సామాను చేతికివ్వమనండి.

పార్ట్‌నంబర్: ఎవరూ పట్టించుకోని సంగతి, మీ ఎస్టిమేట్‌లో గేర్ ఆయిల్ లేదు! గేర్‌బాక్స్ నుంచి చక్రాలను తిప్పే డ్రైవ్ షాఫ్టులు పీకేముందు ఆయిల్ దించేస్తారు. పాతదే పోస్తారా, డెలివరీ రోజు కొత్తది ఎక్స్‌ట్రా అంటారా, ఇప్పుడే తేల్చుకోండి.

స్పానర్18: సీల్ లేబర్ 500కి దించి, స్కిమ్మింగ్ తీసేస్తే లేబర్ 5,200. పన్నుతో 6,136. సామాను ధరలు ఎమ్మార్పీలే అయితే 9,150. అంటే 15,286, ఆపైన గేర్ ఆయిల్. ఆ అంకె పట్టుకుని వెళ్లి మాట్లాడండి.